యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్‌ని కంప్యూటర్ ఒకసారి గుర్తించి ఒకసారి గుర్తించకపోతే ఎక్కడ వెతకాలి?

కావలి నుంచి ఒకరు అడిగారు. ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంది, కుదించి చెబుతున్నాను: "అన్నా, ఇంట్లో డెస్క్‌టాప్‌కి రెండు వైరు గేమ్‌ప్యాడ్‌లు కొన్నాను. ఒక్కోసారి పెట్టగానే పనిచేస్తాయి. ఒక్కోసారి లైటు వెలుగుతుంది గానీ 'యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్' అని వస్తుంది. రెండూ కలిపి ఆడుతుంటే మధ్యలో ఒకటి పోతుంది. నెట్‌లో దొరికిన డ్రైవర్లన్నీ వేసి చూశాను. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టాలంటున్నారు. ఏ డ్రైవర్ వేస్తే సరిపోతుంది?"

ముందు జవాబు చెప్పేస్తాను. కొత్తగా ఏ డ్రైవరూ (పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాము) వేయొద్దు, ఫార్మాట్ అసలే వద్దు. డ్రైవర్ లేని ప్యాడ్ ఎప్పుడూ పనిచేయదు. ఒకసారి పనిచేసి ఒకసారి మానేస్తోందంటే మొదట చూడాల్సింది వైరు, పోర్టు, కరెంటు. మీరు చెప్పిన మూడు లక్షణాల్లో రెండు నేరుగా వీటివైపే చూపిస్తున్నాయి. లైటు వెలిగి గుర్తించకపోవడం డేటా తీగల సంగతి. రెండు ప్యాడ్‌లు కలిస్తే ఒకటి పోవడం కరెంటు సంగతి.

నేను నెల్లూరులో కంప్యూటర్ సర్వీసు పని చేస్తాను. గేమింగ్ సెంటర్ల ప్యాడ్‌లు, ఇళ్లలో పిలకాయలు ఆడుకునే ప్యాడ్‌లు, హాస్టల్ కుర్రాళ్ల లాప్‌టాప్‌లు తరచూ నా దగ్గరికి వస్తాయి. ఇలా వచ్చిపోయే ఫిర్యాదుతో వచ్చినవాటిలో విండోస్ మళ్లీ వేస్తేనే బాగయినవి చాలా తక్కువ. ఫార్మాట్ కొట్టిన రోజు బాగున్నట్టు కనిపించి, రెండో రోజు మళ్లీ అదే ఇబ్బందితో తిరిగొచ్చినవి మాత్రం ఎక్కువే. తెగిన తీగ ఫార్మాట్‌తో అతుక్కోదు కదా.

అసలు కంప్యూటర్ ప్యాడ్‌ని ఎలా గుర్తిస్తుందో కొంచెం తెలిస్తే మిగతాదంతా మీరే పట్టుకోగలరు. యూఎస్‌బీ 2.0 వైరులో నాలుగు తీగలుంటాయి. ఎర్రది 5 వోల్టుల కరెంటు, నల్లది గ్రౌండు, ఆకుపచ్చ, తెలుపు రెండూ డేటా. వైరు గేమ్‌ప్యాడ్‌లు దాదాపు అన్నీ ఈ నాలుగింటి మీదే నడుస్తాయి. నీలం రంగు 3.0 పోర్టులో పెట్టినా అవి వాడుకునేది ఈ నాలుగే. ప్యాడ్ పెట్టగానే దాని లోపలున్న 1.5 కిలో ఓముల రెసిస్టర్ డేటా తీగల్లో ఒకదాన్ని 3.3 వోల్టుల దాకా లాగుతుంది. ఏదో వచ్చి చేరిందని కంప్యూటర్‌కి తెలిసేది దాంతోనే. అప్పుడది ప్యాడ్‌ని రీసెట్ చేసి, నువ్వెవరు, ఏ కంపెనీ, ఏ మోడల్ అని అడుగుతుంది. 18 బైట్ల జవాబు రావాలి. ఆ తర్వాత ఎంత కరెంటు కావాలి, బటన్లెన్ని, స్టిక్కులెన్ని అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంటుంది. ఇదంతా క్షణాల్లో అయిపోతుంది. ఈ మాటల మధ్య ఎక్కడైనా జవాబు చెడితే విండోస్ మళ్లీ మళ్లీ అడిగి, చివరికి 'అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్' అని రాసి వదిలేస్తుంది.

దీన్నిబట్టి ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. లైటు వెలగడం అంటే ఎరుపు, నలుపు తీగలు బాగున్నాయని మాత్రమే. డేటా తీగల గురించి ఆ లైటు ఏమీ చెప్పదు. 'లైటు వస్తోంది కదండీ, ప్యాడ్ బాగానే ఉంది' అని చాలామంది అక్కడే ఆగిపోయి డ్రైవర్ల వెంట పడతారు.

ఇప్పుడు మీ కంప్యూటర్‌లో డివైస్ మేనేజర్ (తగిలించిన పరికరాల జాబితా చూపేది) తెరిచి ఉంచి, ప్యాడ్ పెట్టి తీయండి. మూడింటిలో ఏదో ఒకటి జరుగుతుంది.

ఏ కదలికా లేదు, శబ్దం కూడా రాలేదు. డేటా తీగ అసలు తగలడం లేదు. తీగ తెగింది, లేదా అది చార్జింగ్ వైరు. మైక్రో యూఎస్‌బీ, టైప్ సి ప్యాడ్‌లతో ఈ రెండోది చాలా మామూలు. ఫోను చార్జింగ్‌కి చౌకగా దొరికే వైర్లలో కొన్నింటికి డేటా తీగలే ఉండవు. ప్యాడ్ చక్కగా చార్జ్ అవుతుంది, కంప్యూటర్‌కి మాత్రం కనబడదు. ఆ వైరుతో ఫోను పెట్టి ఫోటోలు కాపీ అవుతాయేమో చూస్తే తేలిపోతుంది.

శబ్దం వచ్చింది, 'అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్', కోడ్ 43, 'డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్' అని పడింది. ప్యాడ్ వచ్చిందని తెలిసింది గానీ మాట కుదరలేదు. మీ కేసు ఇదే. లూజ్ కాంటాక్ట్, చిలుము పట్టిన పిన్నులు, సగం తెగిన డేటా తీగ, వోల్టేజీ పడిపోవడం, లేదంటే ప్యాడ్ లోపలి చిప్ పోవడం. ఈ కోడ్ చూసి డ్రైవర్ వెతకడం దండగ. ప్యాడ్ తన పేరే చెప్పలేదు, ఇక దానికి ఏ డ్రైవర్ ఇవ్వాలో విండోస్‌కి ఎలా తెలుస్తుంది?

పేరు సరిగ్గా వచ్చింది, ఆటలో మాత్రం కదలదు. అప్పుడు వైరు, పోర్టు, కరెంటు అన్నీ బాగున్నట్టే. ఇది ఆటకీ ప్యాడ్‌కీ మధ్య గొడవ. దీని గురించి కింద వేరే చెబుతాను.

ఇక వైరు సంగతి. నా అనుభవంలో ఎక్కువ ప్యాడ్‌లు పోయేది ఇక్కడే. ఆట అయిపోగానే వైరుని ప్యాడ్‌కే బిగించి చుట్టి పెడతారు. వైరు ప్యాడ్‌లోకి దిగే మెడ దగ్గర రోజూ అదే చోట వంగుతుంది. పైన రబ్బరు బాగానే కనిపిస్తుంది, లోపల సన్నని రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతుంటాయి. అన్నీ ఒకేసారి తెగవు కాబట్టే ఒకసారి పనిచేసి ఒకసారి మానేస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి పనిముట్లేమీ అక్కర్లేదు. విండోస్ బటన్‌తో ఆర్ నొక్కి, వచ్చిన డబ్బాలో జాయ్ డాట్ సీపీఎల్ (జె, ఓ, వై, చుక్క, సి, పి, ఎల్) అని కొట్టండి. గేమ్ కంట్రోలర్ల జాబితా వస్తుంది. మీ ప్యాడ్ మీద ప్రాపర్టీస్ నొక్కితే బటన్లు, స్టిక్కులు తెరమీద కదులుతూ కనిపిస్తాయి. ఒక స్టిక్కుని పక్కకి నొక్కి పట్టుకుని, రెండో చేత్తో వైరుని మెడ దగ్గర నుంచి మెల్లగా నాలుగు వైపులా వంచుతూ ప్లగ్గు దాకా రండి. ఎక్కడ వంచినప్పుడు గుర్తు ఆగిపోతుందో, లేదా విండోస్ డింగ్‌మని శబ్దం చేస్తుందో, తీగ తెగింది అక్కడే. మెడ దగ్గరైతే ప్యాడ్ విప్పి, తెగిన ముక్క కోసేసి, నాలుగు తీగలనూ బోర్డు మీద మళ్లీ సోల్డరింగ్ చేయించవచ్చు. విప్పేముందు ఏ తీగ ఎక్కడుందో ఫోటో తీసుకోవడం మంచిది, ఎందుకంటే చౌక ప్యాడ్‌లలో నేను చెప్పిన రంగులే ఉంటాయన్న నమ్మకం లేదు. వైరు విడిగా వచ్చే రకమైతే ఇంత శ్రమ లేదు, డేటా ఉన్న కొత్త వైరు కొనండి.

ఇంకో గుర్తు ఉంది. ఆటలో దెబ్బ తగిలి ప్యాడ్ వణికినప్పుడే కనెక్షన్ పోతుందా? వైబ్రేషన్ మోటారు తిరిగిన క్షణంలో ప్యాడ్ ఎక్కువ కరెంటు లాగుతుంది. వైరు సన్నదైనా, కాంటాక్ట్ బలహీనంగా ఉన్నా ఆ క్షణంలో వోల్టేజీ జారి ప్యాడ్ రీసెట్ అవుతుంది. ఆట సెట్టింగ్స్‌లో వైబ్రేషన్ ఆపి ఒక గంట ఆడి చూడండి. పోవడం ఆగిపోతే కారణం దొరికినట్టే.

పోర్టు దగ్గరకొద్దాం. డెస్క్‌టాప్‌లో సీపీయూ ముందు పోర్టులు మదర్‌బోర్డు మీద నేరుగా ఉండవు. లోపల ఒక వైరు ముందు ప్యానెల్ నుంచి బోర్డు మీది పిన్నులకు వెళ్తుంది. చౌక క్యాబినెట్లలో ఆ వైరు నాసిరకం, పోర్టు కూడా వదులు. పైగా ప్లగ్గులో బయటి రెండు కాంటాక్టులు, అంటే కరెంటువి, లోపలి డేటా కాంటాక్టుల కంటే 1 మిల్లీమీటరు పొడుగ్గా ఉంటాయి. కరెంటు ముందు తగలాలి, డేటా తర్వాత తగలాలి అని కావాలనే అలా చేశారు. క్యాబినెట్ ప్లాస్టిక్ అడ్డం వచ్చి ప్లగ్గు పూర్తిగా దిగకపోతే ఏమవుతుందో ఊహించండి. లైటు వెలుగుతుంది, డేటా తగిలీ తగలకుండా ఉంటుంది. మీరు రాసింది అచ్చం ఇలాగే ఉంది. అందుకే మొదటి పని: ప్యాడ్‌ని సీపీయూ వెనక, మదర్‌బోర్డు మీదే ఉండే పోర్టులో పెట్టి రెండు రోజులు ఆడండి. నీలం పోర్టు, నలుపు పోర్టు రెండూ ఉంటే ముందు నలుపు దాంట్లో పెట్టండి. కొన్ని పాత ప్యాడ్‌లు నీలం పోర్టుల్లో మొండికేస్తాయి.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక విషయం ఉంది, వేరే ఊళ్లవాళ్లు రాసిన సలహాల్లో ఇది కనిపించదు. కావలి, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, అటు సింగరాయకొండ, కొత్తపట్నం. వీటన్నిటికీ సముద్రం దగ్గర. ఉప్పు గాలికి పోర్టు లోపలి పిన్నుల మీద చిలుము పడుతుంది. కిటికీ పక్కన పెట్టిన సీపీయూల్లో ఇది ఎక్కువ. పైన పూత సన్నగా ఉన్న చౌక ప్లగ్గులైతే మరీ తొందరగా నల్లబడతాయి. టార్చి వేసి పోర్టులోకి చూడండి. బంగారు రంగులో మెరవాల్సిన పిన్నులు నల్లగానో ఆకుపచ్చగానో కనిపిస్తే అదే కారణం కావచ్చు. కంప్యూటర్ ఆపి, ప్లగ్ గోడ నుంచి తీసేసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి బ్రష్ ముంచి ప్లగ్గునీ పోర్టునీ తుడవండి. బాగా ఆరాకే ఆన్ చేయండి. చేతులకు రాసుకునే శానిటైజర్ వాడకండి, దాంట్లో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి, పిన్నుల మీద జిగటగా మిగిలిపోతుంది. నోటితో ఊదడం కూడా వద్దు, నోటి తేమ లోపలికే వెళ్తుంది. పిన్నుతో గీకితే ఉన్న పూత కూడా పోతుంది.

ఇంతకుముందు ఒంగోలులో పనిచేసినప్పుడు చీమకుర్తి వైపు నుంచి వచ్చే కంప్యూటర్లలో వేరే రకం ఇబ్బంది చూశాను. అక్కడ గ్రానైట్ కోత, పాలిష్ పనుల వల్ల సన్నని రాతి పొడి గాల్లోనే ఉంటుంది. అది పోర్టులో పేరుకుని, ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ లోపలికి దట్టించుకుపోతుంది. ఒక ఇంట్లో ప్యాడ్ మార్చారు, విండోస్ మార్చారు, ఏదీ లాభం లేదు. చివరికి పోర్టులోని పొడి తీశాకే బాగయింది. ఇప్పుడు వాళ్ల పోర్టులకి చవక రబ్బరు మూతలున్నాయి, నెలకోసారి బ్లోయర్‌తో కొడతారు, ఇబ్బంది లేదు.

కరెంటు గురించి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900. చూడటానికి బోలెడు. కానీ మధ్యలో హబ్ (ఒక పోర్టుని నాలుగైదు పోర్టులు చేసే డబ్బా) పెడితే లెక్క మారుతుంది. సొంత అడాప్టర్ లేని హబ్ ఆ 500 లోంచే తానూ వాడుకుని, నిబంధన ప్రకారం ఒక్కో పోర్టుకు 100 చొప్పున ఇస్తుంది. మామూలు ప్యాడ్ ఒకటి దాంతో సర్దుకుంటుందేమో గానీ వైబ్రేషన్ ఉన్నవి రెండు కలిసి ఒకేసారి వణికాయంటే సర్దుకోవు. నెల్లూరు గేమింగ్ సెంటర్ ఒకదాంట్లో నాలుగు ప్యాడ్‌లనూ ఇలాంటి చిన్న హబ్‌కే పెట్టేవారు. ఫుట్‌బాల్ ఆటలో గోల్ పడినప్పుడల్లా ఒక ప్యాడ్ పోయేది. ఆడేవాళ్లు మాత్రం ప్యాడ్‌లనే తిట్టుకునేవాళ్లు. అడాప్టర్ ఉన్న హబ్ పెట్టాక అవే ప్యాడ్‌లు చక్కగా నడిచాయి. మీరు హబ్ వాడుతున్నారో లేదో రాయలేదు. వాడుతుంటే ముందు దాన్ని తీసేయండి. ఎక్స్‌టెన్షన్ వైరు ఉంటే అదీ తీసేయండి. ప్యాడ్ వైరుతో కలిపి 5 మీటర్లు దాటకూడదు, సన్న వైరైతే అంత దూరం కూడా లాగదు.

గోడ ప్లగ్గు కూడా చూడాలి. మన పాత ఇళ్లలో, అద్దె ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ మూడో రంధ్రానికి ఎర్త్ తీగ ఉండదు. ఎర్త్ లేనప్పుడు సీపీయూ డబ్బా మీద చేయి పెడితే జివ్వుమంటుంది. ఎస్‌ఎంపీఎస్‌లోని (సీపీయూ లోపల కరెంటు సరఫరా చేసే డబ్బా) ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల మన 230 వోల్టుల్లో సగం దాకా ఆ రేకు మీద తేలుతుంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమనడంతో ఆగుతుంది గానీ, ఆ సీపీయూని హెచ్‌డీఎంఐతో టీవీకి, టీవీని కేబుల్ కనెక్షన్‌కి కలిపినప్పుడు యూఎస్‌బీ గ్రౌండ్ మీద కూడా కరెంటు గోల (నాయిస్) మొదలవుతుంది. ఫ్యాను వేసినా, మిక్సీ వేసినా ప్యాడ్ పోతోందంటే ఇక్కడ అనుమానించండి. అల్లూరు దగ్గర ఒక ఇంట్లో పక్కనే రొయ్యల చెరువులు. సాయంత్రం ఏరేటర్లు ఆన్ చేసే వేళకి వోల్టేజీ ఊగేది, సరిగ్గా అప్పుడే ప్యాడ్ పోయేది. పొద్దున పూట ఎంతసేపు ఆడినా ఏమీ అయ్యేది కాదు. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ గుంట సరిచేయించి, కంప్యూటర్‌కి యూపీఎస్ పెట్టించాక ఆ బాధ పోయింది. ఎండాకాలంలో మన నేల ఎండిపోతే పాత ఎర్త్ గుంటలు కూడా సరిగ్గా పనిచేయవు, నీళ్లు పోస్తుండాలి. ఇది ఆటకోసం మాత్రమే కాదు, ఇంట్లో పిలకాయలు ఉన్నారు కాబట్టి తప్పకుండా చూపించండి. సాకెట్ మీరు విప్పకండి, తెలిసినవాళ్లతోనే చేయించండి.

ఇవన్నీ చూశాక కూడా ఉంటే అప్పుడు విండోస్. ఇక్కడ కూడా డ్రైవర్ కంటే కరెంటు పొదుపు సెట్టింగులే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

ఆడకుండా కాసేపు వదిలేస్తే, లేదా స్లీప్ నుంచి లేపాక ప్యాడ్ కనిపించకపోతే, కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ని డిజేబుల్ చేయండి. తర్వాత డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ అని ఉన్న ప్రతిదాని ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ తెరిచి, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే అర్థం వచ్చే టిక్కు తీసేయండి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ కనిపించదు, కంగారు పడొద్దు.

రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున ఆన్ చేస్తే ప్యాడ్ లేదు, రీస్టార్ట్ చేయగానే వచ్చింది. ఇలా జరుగుతుంటే అది ఫాస్ట్ స్టార్టప్ వల్ల. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆగడం కాదు, డ్రైవర్ల పరిస్థితిని డిస్కు మీద దాచుకుని మళ్లీ అదే తెరుస్తుంది. రీస్టార్ట్‌లో మాత్రం అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్ ఏం చేయాలి అనే చోట ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి.

మీరు నెట్‌లో దొరికినవన్నీ వేశానన్నారు కాబట్టి ఇంకో పని ఉంది. ఆ డ్రైవర్ ప్రోగ్రాములన్నీ సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా నుంచి తీసేయండి, ముఖ్యంగా అన్ని డ్రైవర్లనూ అప్‌డేట్ చేస్తామని చెప్పేవి. తర్వాత డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ పెడితే, పాత ప్యాడ్‌ల ఎంట్రీలు మసకగా కనిపిస్తాయి. వాటిని అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసి, ప్యాడ్ పెట్టండి. మామూలు ప్యాడ్‌కి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంది, అదే వేసుకుంటుంది. బయటి నుంచి వేయదగింది ఒక్కటే, మీ మదర్‌బోర్డు కంపెనీ సైటులో ఉండే చిప్‌సెట్ డ్రైవర్.

మదర్‌బోర్డు అన్నాను కాబట్టి ఒక మాట. మీది ఏఎండీ రైజెన్, 500 సిరీస్ చిప్‌సెట్ బోర్డు అయితే బయాస్ (బోర్డులోనే ఉండే, కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాము) ఎప్పటిదో చూడండి. ఆ బోర్డుల్లో యూఎస్‌బీ ఉన్నట్టుండి తెగిపోయే ఇబ్బంది ఉందని 2021 ఫిబ్రవరిలో ఏఎండీనే ఒప్పుకుంది. అజీసా (బయాస్‌లో ఏఎండీ ఇచ్చే భాగం) 1.2.0.2తో వచ్చిన బయాస్‌లలో దానికి సవరణ ఇచ్చారు. అంతకంటే పాత బయాస్ ఉంటే అప్‌డేట్ చేయాలి. కరెంటు పోకుండా యూపీఎస్ మీద మాత్రమే చేయండి, మధ్యలో ఆగితే బోర్డుకే ప్రమాదం.

ఇప్పుడు మూడో రకం, పేరు వచ్చి ఆటలో కదలనిది. దీన్ని కూడా జనం గుర్తించడం లేదనే అంటారు. విండోస్ ఆటలు ప్యాడ్‌ని రెండు పద్ధతుల్లో చదువుతాయి. పాతది డైరెక్ట్‌ఇన్‌పుట్, ఎక్స్‌బాక్స్ 360తో వచ్చింది ఎక్స్‌ఇన్‌పుట్. కొత్త ఆటలు చాలావరకు రెండోదాన్నే చూస్తాయి. చౌక ప్యాడ్‌లు కొన్ని మొదటి పద్ధతిలోనే మాట్లాడతాయి, కొన్ని రెండూ చేస్తాయి. రెండూ చేసే ప్యాడ్‌లలో మధ్యలోని హోమ్ లేదా మోడ్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే పద్ధతి మారుతుంది, లైట్ల వరస మారడమే గుర్తు. ఆడుతూ పొరపాటున ఆ బటన్ నొక్కుకుపోతే నిన్న ఆడిన ఆట ఇవాళ ప్యాడ్‌ని చూడదు. డివైస్ మేనేజర్‌లో పేరు కూడా మారిపోతుంది. కొత్త ఆటలకి ఎక్స్‌ఇన్‌పుట్‌లో ఉంచండి. పాత పద్ధతి మాత్రమే తెలిసిన ప్యాడ్ అయితే స్టీమ్‌లో (ఆటలు కొని ఆడే ప్రోగ్రాము) కంట్రోలర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మామూలు ప్యాడ్‌లకు స్టీమ్ ఇన్‌పుట్ ఆన్ చేస్తే, ఆటకి అది ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లా కనిపిస్తుంది.

మాగుంట లేఅవుట్ నుంచి ఒక ఇంజినీరింగ్ అబ్బాయి లాప్‌టాప్ తెచ్చాడు. ఒక బటన్ నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు, మెనూలో రెండేసి గడులు దూకేది. ప్లేస్టేషన్ ప్యాడ్‌ని ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లా చూపే డీఎస్4విండోస్ ప్రోగ్రాము వేసి, దాని మీద స్టీమ్ ఇన్‌పుట్ కూడా ఆన్ చేశాడు. ఒక్క ప్యాడ్ ఆటకి రెండుగా కనిపిస్తోంది. రెంటిలో ఒకటి తీసేస్తే సరిపోయింది. ఎప్పుడైనా ఒక్కటే ఉంచండి.

పాత ఆటలు మొదలయ్యేటప్పుడు ఒక్కసారే ప్యాడ్‌ల కోసం చూస్తాయి. ఆట తెరిచాక ప్యాడ్ పెడితే పట్టించుకోవు. ముందు ప్యాడ్, తర్వాత ఆట.

మీకు రెండు ప్యాడ్‌లు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. ఇలాంటి ప్యాడ్‌లలో చాలావాటికి సీరియల్ నంబరు ఉండదు. అది లేనప్పుడు విండోస్ వాటిని పోర్టును బట్టి గుర్తుపెట్టుకుంటుంది. అదే ప్యాడ్‌ని వేరే పోర్టులో పెడితే దానికి కొత్త ప్యాడ్‌ కిందే లెక్క. అందుకే ఒకసారి ఇది ప్లేయర్ వన్ అవుతుంది, ఒకసారి అది అవుతుంది, బటన్ల సెట్టింగులూ పోయినట్టుంటాయి. పోర్టులకీ ప్యాడ్‌లకీ 1, 2 అని స్టిక్కర్లు అంటించి ఎప్పుడూ అవే జతలు వాడండి. ఇంట్లో అన్నదమ్ముల మధ్య టెన్షన్ కూడా తగ్గుతుంది.

వైర్‌లెస్ డొంగల్ వాడేవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకు ఒక్క మాట: 3.0 పోర్టులూ వాటిలో పెట్టిన హార్డ్‌డిస్కులూ ఈ డొంగల్‌లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో గోల పుట్టిస్తాయి. ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం రాసింది. డొంగల్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్‌తో సీపీయూకి దూరంగా, మీకు ఎదురుగా పెట్టుకోండి.

మీరు చేయాల్సిన వరస ఇలా పెట్టుకోండి. హబ్, ఎక్స్‌టెన్షన్ తీసేసి రెండు ప్యాడ్‌లనూ వెనక పోర్టుల్లో పెట్టండి. పోర్టు తుడవండి. జాయ్ డాట్ సీపీఎల్ తెరిచి వైరు వంచి చూడండి. తర్వాత ప్యాడ్‌లను ఒకదాని పోర్టులో ఇంకోటి పెట్టండి. తప్పు ప్యాడ్‌తో పాటు వెళ్తే ప్యాడ్‌ది, పోర్టు దగ్గరే ఉండిపోతే పోర్టుది. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే బాగయినా దేనివల్ల బాగయిందో తెలియదు, వారం తర్వాత మళ్లీ వచ్చినప్పుడు మొదటికే వస్తారు. ఇంట్లో రెండో కంప్యూటర్ లేకపోతే ఓటీజీ అడాప్టర్‌తో (ఫోనుకి యూఎస్‌బీ ప్లగ్గు తగిలించే చిన్న ముక్క) ఫోనుకి పెట్టి చూడండి. ఆండ్రాయిడ్‌లో ప్యాడ్ ఆగకుండా పనిచేస్తే ప్యాడ్, దాని వైరు బాగున్నట్టే, తప్పు కంప్యూటర్ వైపుది. ఫోనులోనూ పోతుంటే ప్యాడ్‌దే. కొన్ని ప్యాడ్‌లకి ఆండ్రాయిడ్ మోడ్ వేరే ఉంటుంది కాబట్టి అసలే కనిపించకపోతే మాత్రం వెంటనే తీర్పు చెప్పేయకండి, మోడ్ మార్చి చూడండి.

కొని ఎన్నాళ్లయిందో రాయలేదు. వారంటీలో ఉంటే ప్యాడ్ విప్పవద్దు, మెడ దగ్గర వంచితే పోతున్నట్టు ఫోనులో వీడియో తీసి దుకాణంలో చూపించండి. ఆ వీడియో చూశాక మార్చకపోవడానికి వాళ్లకు సాకు దొరకదు.

ఇంత చేశాక కూడా ఆగకపోతే డివైస్ మేనేజర్‌లో ఆ ప్యాడ్ ప్రాపర్టీస్ తెరిచి, ఈవెంట్స్ ట్యాబ్‌లో ఉన్న టైములు, డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ అని వచ్చే లైను ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. ఏ పోర్టులో, హబ్ ఉందా లేదా, వైబ్రేషన్ ఆపితే ఏమైంది అన్నవి కూడా రాయండి. చూసి చెబుతాను.